కనపడని వైరస్, పెరిగిన క్రియాటినిన్: ఉద్దానం నుంచి ఒక కేసు

ఆమెకు మా హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం రిజిస్టరులో మంచి పేరుంది. నెల మందులిచ్చే రోజుల్లో నెలకి, మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం మొదలయ్యాక మూడు నెలలకి, చెప్పిన తేదీకి అటూ ఇటూ కాకుండా వచ్చేది. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడితే ఎన్ని ఉండాలో అన్నే ఉండేవి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే చివరి వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడలేదు. హెచ్‌ఐవీ దెబ్బతీసే రక్షణ కణాలు, సీడీ4 కణాలు, 540. ఇలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులు, ఇచ్చే డాక్టరుకు రెండు నిమిషాల పని. బరువు చూస్తాం. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు ఉన్నాయా అని టీబీ కోసం నాలుగు ప్రశ్నలు వేస్తాం. సంతకం పెట్టి తర్వాతి వారిని పిలుస్తాం. 2024 ఫిబ్రవరిలోనూ అదే జరిగేది, ఆమె లేవబోతూ ఆగి ఒక మాట అనకపోయి ఉంటే.

"బాబూ, నాకూ కిడ్నీ వచ్చేసినట్టుంది."

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. అక్కడ కిడ్నీ అంటే అవయవం కాదు, జబ్బు పేరు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది చూడని ఊరు లేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చే పనన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. ఆమె మామగారు డయాలసిస్ చేయించుకుంటూ పోయారు. బావగారికి క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి పారేయాల్సిన వ్యర్థం, రక్తంలో పెరుగుతోంది. కాబట్టి కాలు వాచగానే ఆమె తన జబ్బుకు తానే పేరు పెట్టుకుంది. నేనూ వెంటనే ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడం గురించే ఈ కేసు రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను, నా పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

వయసు 43. భర్త చేపల బోట్లలో పనికి గుజరాత్ వెళ్లివచ్చేవాడు, 2009లో చనిపోయాడు. అప్పుడే ఆమెకూ పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది. సీడీ4 310. ఒంట్లో ఏ బాధా లేదు. ఆ రోజుల నిబంధనల ప్రకారం అలాంటి వారికి మందులు మొదలుపెట్టేవారు కాదు, ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకోమనేవారు. మందు ఇవ్వని ఆసుపత్రికి అరవై కిలోమీటర్లు ఎవరు వస్తారు? ఆమె రాలేదు. మళ్లీ 2012లో ఊపిరితిత్తుల టీబీతో వచ్చింది. అప్పటికి సీడీ4 88. టీబీ మందులు, వాటి వెనకే ఏఆర్‌టీ మొదలయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఇంటి రేకులు లేచిపోయి, తోటలో కొబ్బరి చెట్లు కూలి, దారులు మూసుకుపోయినప్పుడు పద్దెనిమిది రోజులు మందులు ఆగాయి. మందుల వివరాలు రాసే ఆమె పచ్చ పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ నీటి మరకతో ఉంటుంది. పన్నెండేళ్లలో అదొక్కటే ఖాళీ. 2021 నుంచి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర వాడుతోంది. పలాస దగ్గర జీడి పరిశ్రమలో పప్పు వేరు చేసే పని.

క్రియాటినిన్ 2.1 వచ్చింది. అంతకు ముందు ఏడాది 1.0 ఉంది.

ఏఆర్‌టీలో ఉన్న ఉద్దానం మనిషికి క్రియాటినిన్ పెరిగితే వరసగా మూడు అనుమానాలు వస్తాయి. మొదటిది టెనోఫోవిర్. కిడ్నీలోని సూక్ష్మనాళికలను అది కొందరిలో దెబ్బతీస్తుంది. రెండోది డోలుటెగ్రావిర్. అది కిడ్నీకి హాని చేయదు గాని క్రియాటినిన్ బయటికి పోయే దారుల్లో ఒకదాన్ని అడ్డుకుంటుంది, అందువల్ల కాగితం మీద అంకె కాస్త పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల మొదటి నెలలోనే వచ్చి, పాయింట్ ఒకటో రెండో పెరిగి ఆగిపోతుంది. మూడేళ్ల తర్వాత రెట్టింపు కావడానికి అది కారణం కాదు. మూడోది ఉద్దానం జబ్బే. నేను టెనోఫోవిర్ మీద అనుమానం రాసి, ఉద్దానం జబ్బు అని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కిడ్నీల స్కానింగుకు కాగితం రాశాను. ఆ కాగితం అందుకోవడానికి ఆమె లేచి నిలబడినప్పుడు చెప్పులు కనపడ్డాయి.

రబ్బరు చెప్పులు. కుడిపాదం మీద పట్టీ వదులుగా ఉంది. ఎడమపాదం మీద అదే పట్టీ మాంసంలోకి దిగి, రెండు వైపులా చర్మం ఉబ్బి ఉంది. కూర్చోబెట్టి చీర అంచు పైకి తీయమన్నాను. కుడి చీలమండ ఎముక స్పష్టంగా తెలుస్తోంది. ఎడమ చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీస్తే గుంట నిలిచింది. మోకాలి పైన తొడ కూడా లావుగానే ఉంది. కిడ్నీలు చెడితే వాపు ఒక్క కాలినే ఎంచుకోదు. పైగా ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, వాపులు చివరిదాకా కనపడవు. ఆమె మూత్రంలో ప్రోటీన్ జాడమాత్రమే ఉంది.

"ఈ కాలు ఎన్నాళ్ల నుంచి?"

"సంక్రాంతికి ముందునుంచి బాబూ. తుంటి దగ్గర లాగుతుంది, తొడ వెనక నుంచి దిగుతుంది. కూర్చుని చేసే పని కదా, అందుకే అనుకున్నాను."

రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని డాప్లర్ చేయించాం. లేదు. కడుపు స్కానింగు చేస్తున్న డాక్టరుగారు గదిలోంచే ఫోను చేశారు. ఎడమ కిడ్నీ నీటితో ఉబ్బి ఉంది, మూత్రనాళం కిందిదాకా వెడల్పైంది, కుడివైపు కూడా కొద్దిగా మొదలైంది, గర్భాశయ ముఖద్వారం దగ్గర గడ్డలాంటిది ఉంది. "లోపలి పరీక్ష ఎవరు చేశారు?" అని అడిగారు. ఎవరూ చేయలేదు. ఉద్దానం జబ్బులో కిడ్నీలు రెండూ కుంచించుకుపోయి, గట్టిపడి కనపడతాయి. ఇక్కడ ఎడమది నిండుకుండలా ఉంది, కుడిదీ నిండటం మొదలుపెట్టింది. కాలి వాపు, తుంటి నుంచి దిగే నొప్పి, ఉబ్బిన కిడ్నీ, మూడూ ఒకే వైపు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కటి గోడ దాకా పాకిందని ఎంబీబీఎస్ పుస్తకాల్లో చెప్పే లక్షణాలు ఈ మూడే. పరీక్షలో రాస్తే మార్కులేసేవారు.

స్త్రీవ్యాధుల విభాగంలో స్పెక్యులమ్ (యోనిని తెరిచి లోపల చూసే పరికరం) పెట్టి చూశారు. కాలీఫ్లవర్ పువ్వులాంటి పెరుగుదల, దాదాపు ఐదు సెంటీమీటర్లు, దూది తగిలితే చాలు రక్తం కారుతోంది. కంటికే కనపడుతుంటే, క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి చేసే వెనిగర్ పరీక్ష అనవసరం. నేరుగా ముక్క తీశారు. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే ముఖద్వారం పైపొర కణాల్లో పుట్టిన క్యాన్సర్. కిడ్నీ ఉబ్బింది కాబట్టి, గడ్డ ఎంత చిన్నదైనా సరే, దశ మూడు బి.

ఆ సాయంత్రం ఆమె కార్డు తీసి వెనక్కి చదివాను. 2023 ఏప్రిల్: తెల్లబట్ట అవుతోందని కౌన్సిలర్‌కు చెప్పింది, ఆకుపచ్చ కిట్టు ఇచ్చాం. సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ ఉండే కిట్టు అది, యోని ఇన్ఫెక్షన్లకు. ఆగస్టు: తగ్గలేదు, వాసన వస్తోంది, మళ్లీ ఆకుపచ్చ కిట్టు. నవంబరు: నెలసరి తప్పుతోంది, మధ్యలో మచ్చ కనపడుతోంది, ముట్లుడిగే వయసు. హిమోగ్లోబిన్ 9.1, ఐరన్ మాత్రలు. ప్రతి వరస కిందా నా సంతకమే. కిట్టు ఇచ్చే ముందు స్పెక్యులమ్‌తో చూడాలని మాకు నేర్పారు. మా గదిలో బల్ల ఉంది, కర్టెన్ లేదు. నేను మగవాణ్ణి, ఆమె అడగలేదు, నేను ఎత్తలేదు. ఇవి కారణాలే గాని, వీటన్నిటి వెనక ఇంకొకటి ఉంది. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి తెల్లబట్ట అయితే సుఖవ్యాధే అయి ఉంటుందని, రక్తం తక్కువైతే హెచ్‌ఐవీ వల్లే అయి ఉంటుందని మా బుర్రలో ముందే ఒక గడి గీసి పెట్టుకున్నాం. ఉద్దానం మనిషికి క్రియాటినిన్ పెరిగితే ఇంకో గడి. ఆమె ఒంట్లోని ప్రతి కొత్త బాధా ఆ రెండు గడుల్లో ఏదో ఒకదానిలో పడిపోయింది. మూడో జబ్బుకు చోటు దొరకడానికి పది నెలలు పట్టింది.

భర్త పోయి పదిహేనేళ్లయిన మనిషిని "కలిసిన తర్వాత రక్తం కనపడుతోందా" అని ఎవరూ అడగరు. ఈ క్యాన్సర్‌కు అది ముఖ్యమైన ప్రశ్న. వితంతువని ఆ ప్రశ్న వదిలేసినప్పుడు, దానికి బదులు "బరువెత్తితే, ముక్కితే మచ్చ కనపడుతోందా" అని అడగవచ్చు. తర్వాత నేను అడిగితే ఆమె వెంటనే చెప్పింది: జీడి పిక్కల బస్తా జరిపిన ప్రతిసారీ.

మధ్యలో ఇంకొకటి జరిగింది, దీన్ని తర్వాత చెప్పింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఆమెను ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు. అక్కడ స్కానింగు లేదు, లోపలి పరీక్ష లేదు, "గర్భసంచి పాడైంది, తీసేద్దాం" అన్నారు. నలభై వేలు అడిగారు. పిక్కల సీజను వచ్చాక చూద్దామని ఆమె తిరిగి వచ్చేసింది. చేతిలో డబ్బు లేకపోవడం ఆమెకు అప్పుడు మేలు చేసింది. ఈ దశలో మామూలుగా గర్భసంచి తీసేస్తే గడ్డలో సగం లోపలే ఉండిపోతుంది. పేగులు ఖాళీ అయిన చోటికి జారి అతుక్కుంటాయి, తర్వాత రేడియేషన్ వాటిమీద పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గడ్డకు దగ్గరగా లోపలినుంచి ఇచ్చే రేడియేషన్‌కు గొట్టం నిలబెట్టడానికి గర్భసంచే ఆధారం. అది లేకపోతే వైద్యంలో సగం బలం పోయినట్టే. మన రాష్ట్రంలో నలభై దాటని ఆడవాళ్లకు కూడా గర్భసంచులు ఎంత తేలిగ్గా తీసేస్తున్నారో అందరికీ తెలుసు. తెల్లబట్టకు గర్భసంచి తీయించుకున్నానని చెప్పే ప్రతి మనిషి దగ్గరా ఇప్పుడు నేను బయాప్సీ కాగితం అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

మందులు వాడుతున్నా ఎందుకు

ఆమె అడిగిన ప్రశ్న ఇదే: "ఒక్క మాత్ర మానలేదు కదా బాబూ, వైరస్ లేదన్నారు కదా?"

న్యాయమైన ప్రశ్న. హెచ్‌ఐవీతో ముడిపడిన క్యాన్సర్లలో ఏఆర్‌టీ బాగా లొంగదీసినవి రెండు: చర్మం మీద ఎక్కువగా కనపడే కపోసి సార్కోమా, లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన నాన్‌హాడ్కిన్ లింఫోమా. కపోసి మన దేశంలో మొదటినుంచీ అరుదే. లింఫోమా ఏఆర్‌టీ వచ్చాక తగ్గింది, పూర్తిగా పోలేదు. 1993 నుంచి ఎయిడ్స్ నిర్వచనంలో చేరిన మూడో క్యాన్సర్ గర్భాశయ ముఖద్వారానిది. ఇది మాత్రం అంతగా తగ్గలేదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి ఇది వచ్చే ముప్పు లేనివారికన్నా ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కారణం ఏమిటంటే, ఈ క్యాన్సర్ తెచ్చేది హెచ్‌ఐవీ కాదు, హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వేరే వైరస్. ఏఆర్‌టీ మాత్ర హెచ్‌పీవీని తాకదు. మామూలుగా పెళ్లయిన స్త్రీల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది, రెండేళ్లలో ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని తుడిచేస్తాయి. ఆ పని చేసేవాటిలో సీడీ4 కణాలే ముఖ్యం. అవి 310 నుంచి 88కి జారిన మూడేళ్లలో తుడిచేవాళ్లు లేరు. 16, 18 రకాల హెచ్‌పీవీ అలా తిష్ఠ వేస్తే, దాని జన్యుముక్క మన కణం జన్యువుల్లో అతుక్కుపోవచ్చు. అక్కడినుంచి అది తయారుచేసే ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు కణానికి ఉన్న రెండు బ్రేకులను, పీ53, ఆర్‌బీలను, తీసేస్తాయి. ఒకసారి ఆ స్థితికి వచ్చిన కణాన్ని, తర్వాత సీడీ4 540కి పెరిగినా, వెనక్కి తేవడం ప్రతిసారీ సాధ్యం కాదు. అంటే ఇవాళ్టి సీడీ4 కన్నా, ఆ మనిషి జీవితంలో సీడీ4 ఎంత కిందికి దిగింది, ఎన్నాళ్లు అక్కడ ఉంది అన్నది ఎక్కువ చెబుతుంది. మేము కార్డు మొదటి పేజీ చూడటం మానేసి చాలాకాలమైంది. చివరి పేజీయే చూస్తాం.

ముందుగా మందులు మొదలుపెడితే ఏమవుతుందో 2015లో వెలువడిన స్టార్ట్ పరిశోధన చూపింది. 35 దేశాల్లో 4,685 మంది. అందరికీ సీడీ4 500 పైనే. సగం మందికి వెంటనే మందులు, సగం మందికి సీడీ4 350కి పడేదాకా ఆగడం. వెంటనే వాడినవారిలో క్యాన్సర్లు 14, ఆగినవారిలో 39. ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చే క్యాన్సర్లలోనే ఈ తేడా ఎక్కువ. ఆ తర్వాతే, 2017లో, సీడీ4 ఎంతున్నా మందులివ్వాలని మన దేశంలో నియమం వచ్చింది. మా రోగి 2009 నాటి మనిషి. ఆ తరం వాళ్లంతా ఆగినవారిలోని వాళ్లే, పరిశోధనలోకన్నా ఎక్కువ ఆగారు.

ఇక్కడ వెనిగర్ పరీక్ష గురించి ఒక మాట. మూడు నుంచి ఐదు శాతం అసిటిక్ ఆమ్లం ముఖద్వారానికి అద్ది, నిమిషం ఆగి, తెల్లబడిందా అని చూసే ఈ పరీక్ష చవక, పల్లెలో చేయవచ్చు. తెల్లమచ్చ చిన్నదై, అంచులు కనపడుతూ, క్యాన్సర్ అనుమానం లేకపోతే, వంద డిగ్రీల వేడి మొనతో అర నిమిషంలోపు కాల్చేసి ఇంటికి పంపవచ్చు. అయితే ఇది పుట్టే చోటు, అంటే రెండు రకాల పొరలు కలిసే గీత, వయసుతో పాటు లోపలికి జరుగుతుంది. ముట్లు ఆగాక చాలామందిలో అది కంటికి కనపడదు. 2004లో ఉచిత ఏఆర్‌టీ మొదలయ్యాక తొలి పదేళ్లలో సీడీ4 అడుగంటి వచ్చిన ఆడవాళ్లు ఇప్పుడు సరిగ్గా ఆ వయసుకు చేరుకుంటున్నారు. ముప్పు ఎక్కువున్న తరానికి మన దగ్గరున్న పరీక్ష పనికిరాకుండా పోతోంది. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు ఈ చిక్కు లేదు. నమూనా ఆ మనిషే తెరచాటున తీసి ఇవ్వవచ్చు, మగ డాక్టరు ముందు పడుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి ఆ పరీక్ష చేయమంది. మన జాతీయ కార్యక్రమం అందరు స్త్రీలకూ కలిపి చెప్పింది 30 నుంచి 65, ఐదేళ్లకోసారి వెనిగర్ పరీక్ష. మాకు అందుబాటులో ఉన్నది అదే కాబట్టి అదే చేయిస్తున్నాం, ముట్లు ఆగినవారిని మాత్రం ముఖద్వారం కణాలు గీకి తీసి చూసే పాప్ స్మియర్‌కు పంపుతున్నాం.

మగవారి విషయం వేరే రాయాలి. లివర్ క్యాన్సర్‌కు హెపటైటిస్ బి, సి ఉన్నాయో లేదో చూడటం, మలద్వారం దగ్గర నెత్తురు పడితే ప్రతిసారీ మొలలని కొట్టిపారేయకపోవడం, ఊపిరితిత్తులకు పొగ మానిపించడం, ఇవి మాత్రం చెప్పి వదిలేస్తాను.

పొగ అన్నాను కాబట్టి. రేడియేషన్‌కు ముందు నోరు తెరిపించి చూస్తే అంగిలి మీద తెల్లటి పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగుతుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం మా తీరప్రాంతం ఆడవాళ్లకు తరాలుగా ఉన్న అలవాటు. 1970ల నాటికే శ్రీకాకుళం పల్లెల అంగిళ్లు అంతర్జాతీయ వైద్య పత్రికలకెక్కాయి. వాళ్లమ్మ దగ్గర పన్నెండేళ్లప్పుడు నేర్చుకుందట. పన్నెండేళ్లుగా నా ఎదుట కూర్చుంటున్న మనిషి, "పొగ తాగుతారా" అన్న ప్రశ్నకు కార్డులో "లేదు" అని ఉంది. నిజమే, ఆమె సిగరెట్టు తాగదు, బీడీ తాగదు. మేము అడిగింది అదే. ముఖద్వార క్యాన్సర్‌కు కూడా పొగాకు తోడుదొంగే. అంగిలి నుంచి ముక్క తీస్తే క్యాన్సర్ లేదు, మార్పులు ఉన్నాయి. ఇప్పుడు "చుట్ట ఎలా కాలుస్తారు?" అని అడుగుతున్నాం.

వైద్యం

క్యాన్సర్ డాక్టర్లకు, మాకు మధ్య మొదటి చర్చ క్రియాటినిన్ గురించే. ఈ దశకు వైద్యం రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, టెనోఫోవిర్ కూడా అంతే, మూత్రం దారి మూసుకుని ఉంది, మనిషిది ఉద్దానం. ముందు విశాఖలో వీపు వైపు నుంచి ఎడమ కిడ్నీలోకి గొట్టం వేసి మూత్రం సంచిలోకి మళ్లించారు. పది రోజుల్లో క్రియాటినిన్ 2.1 నుంచి 1.4కి దిగింది. అంటే పెరిగినదానిలో ఎక్కువ భాగం అడ్డంకి వల్లే. మిగిలిన కొంచెం దేనిదో, టెనోఫోవిర్‌దా, ఊరిదా, ఇప్పటికీ చెప్పలేను.

టెనోఫోవిర్ ఆపే ముందు హెపటైటిస్ బి పరీక్ష మళ్లీ చేయించాం. ఆ వైరస్ ఉన్నవారిలో టెనోఫోవిర్ హఠాత్తుగా ఆపితే లివర్ భగ్గుమంటుంది. లేదని తేలాక అబకావిర్‌కు మార్చాం, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కొనసాగించాం. అబకావిర్ మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు కలిసి వస్తే వెంటనే రావాలని, ఆ కారణంగా ఆపిన మందు మళ్లీ ఎప్పుడూ వేసుకోకూడదని మా కౌన్సిలర్ ఆమె చేత మూడుసార్లు తిరిగి చెప్పించింది. ఐరన్ మాత్ర, డోలుటెగ్రావిర్ పరగడుపున కలిపి వేసుకోకూడదు. ఐరన్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. నవంబరులో ఐరన్ ఇచ్చినప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదని అప్పుడు బయటపడింది. అదృష్టం, వైరల్ లోడ్ చెడలేదు.

రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ 10 దాటించాక రేడియేషన్ మొదలైంది. సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ ఇద్దామని అక్కడి డాక్టర్లు నిర్ణయించారు. ఇరవై ఐదు సిట్టింగులు, తర్వాత లోపలి రేడియేషన్ నాలుగు సార్లు. ఎనిమిది వారాల్లో అయిపోవాలి. గొట్టం పూడి జ్వరం రావడంతో తొమ్మిది వారాలైంది. నాలుగో వారంలో సీడీ4 170కి పడింది. అక్కడి జూనియర్ డాక్టరు మందులు ఫెయిలయ్యాయా అని ఫోను చేశారు. కాలేదు. కటి ఎముకల మజ్జ మీద రేడియేషన్ పడితే తెల్లకణాలన్నీ తగ్గుతాయి, వాటితోపాటు సీడీ4 కూడా. వైరల్ లోడ్ చూస్తే కనపడలేదు. ఏఆర్‌టీ మార్చలేదు, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రిమాక్సజోల్ మాత్రం మళ్లీ మొదలుపెట్టాం. ఇలాంటప్పుడు సీడీ4 చూసి కంగారుపడి మందులు మార్చడం కన్నా ఏమీ చేయకపోవడం మేలు.

విశాఖలో మొదట వెళ్లిన ఒకచోట, ఆమె కేస్ షీటు పైన ఎర్ర సిరాతో హెచ్‌ఐవీ అని పెద్ద అక్షరాల్లో రాసి మంచానికి వేలాడదీశారు. పక్క మంచం వాళ్లు బంధువులే. ఆ రాత్రే ఆమె బస్సెక్కి వచ్చేసింది. తిరిగి ఇంకోచోటికి వెళ్లడానికి ఒప్పించడానికి పన్నెండు రోజులు పట్టింది. రోగి స్థితిని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ మాట రాస్తూ నేనొక ఉత్తరం పంపాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత మా కేంద్రంలో పాతికేళ్లు దాటిన ప్రతి స్త్రీ కార్డు మొదటి పేజీ మీద రెండు వివరాలు రాయడం మొదలుపెట్టాం. సీడీ4 అతి తక్కువ ఎంత, ముఖద్వారం ఎప్పుడు చూశారు. మొదటి రోజు ఆరుగురిని స్త్రీవ్యాధుల విభాగానికి పంపితే ఇద్దరే వెళ్లారు. ఓపీ చీటీ మళ్లీ తీసుకోవాలి, ఆ వరసలో ఊరివాళ్లు కనపడతారు, పలాస బండి తప్పిపోతుంది. ఇప్పుడు గురువారాలు ఒక నర్సమ్మ మా బ్లాకుకే వస్తున్నారు. కర్టెన్ కొన్నాం.

చికిత్స ముగిసి మూడు నెలలకు చేసిన పరీక్షలో గడ్డ కనపడలేదు. ఏడాదికీ అంతే. మూత్రనాళంలో స్టెంటు వేసి వీపు గొట్టం తీసేశారు. మలంలో అప్పుడప్పుడు నెత్తురు పడుతోంది, రేడియేషన్ వల్లే. సీడీ4 తిరిగి 360. క్రియాటినిన్ 1.3. ఇరవయ్యేళ్ల కూతురికి హెచ్‌ఐవీ లేదు, ఆమెకు హెచ్‌పీవీ టీకా వేయించారు.

మొన్న వచ్చినప్పుడు ఊళ్లో ఏమని చెప్పారని అడిగాను. వీపుకు గొట్టం, సంచి పట్టుకుని తొమ్మిది వారాలు, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు తిరిగిన మనిషి కదా.

"కిడ్నీ అని చెప్పాను బాబూ. మా మామగారికీ వచ్చిందే కదా. పాపం అని అందరూ చూడ్డానికి వచ్చారు, కొబ్బరి బోండాలు తెచ్చారు. అది చెప్పుకోవచ్చు."

స్టెంటు మూడు నెలలకోసారి మార్చాలి. తర్వాతి తేదీ రాసి ఇచ్చాను.